గృహవిజ్ఞానము: వెనుకచక్రపు జిడ్డు

పూర్వము మన యిండ్లలో బండి సంగతి మగవారిదనియు, మసిగుడ్డ సంగతి ఆడువారిదనియు నొక పంపకముండెడిది. నేడు స్త్రీలు తామే మోటారుసైకిలు నడుపుచున్నారు. నడుపనివారును వెనుక కూర్చుండి బడికిని, బజారునకును పోవుచున్నారు. చీరకుచ్చిళ్లకు నల్లని జిడ్డంటుటయు, ఎంత ఉతికినను ఆ మరక వదలకుండుటయు నెరుగని యిల్లాలరుదు. కావున ఈ నెల ఆ జిడ్డు పుట్టుకను, దాని నపాయము లేక పోగొట్టు విధమును సోదరీమణులకు విన్నవించెదను.

ఇంజను బలము గొలుసు మూలమున వెనుకచక్రమును చేరును. గొలుసు లంకెలు అరుగకుండుటకును, త్రుప్పు పట్టకుండుటకును నూనె కావలెను. తడిసిన గొడుగును గిఱ్ఱున త్రిప్పిన నీటిబొట్లు అంచునుండి యెగిరిపడునుగదా! అట్లే బండి వేగముగ పోవునపుడు గొలుసుపై నెక్కువగా నున్న నూనె చిమ్మి రిమ్ముమీదను, చువ్వలమీదను, టైరు ప్రక్కలను పడును. దారిదుమ్ము దానిలో చేరి నల్లని ముద్దయగును. జిడ్డు మిక్కుటముగ నున్నచో నూనె యెక్కువైనదని గ్రహింపవలెను. అంతేకాని నూనె వేయుటయే మానరాదు. గొలుసును పూర్తిగ కప్పు డబ్బాగల బండ్లకు ఈ బాధ తక్కువ.

పనికి పూనుకొనుటకు ముందు ముఖ్యమైన నియమమొకటి కలదు. ఇంజను నాపి, తాళపుచెవి తీసి, బండి చల్లారిన పిమ్మట నడిమి స్టాండుపై నిలుపవలెను. చక్రమును చేతితోనే మెల్లగా త్రిప్పవలెను. పని త్వరగా ముగియునని ఇంజను నడిపించి, తిరుగుచున్న గొలుసునకు గుడ్డ నొత్తువారు కలరు. గుడ్డకొస గొలుసునకును పండ్లచక్రమునకును నడుమ చిక్కెనేని చేతినిగూడ లాగుకొనును. రెప్పపాటులో వ్రేళ్లు తెగును. చేతితో త్రిప్పునపుడును గొలుసు పండ్లపై కెక్కుచోట వ్రేలుంచరాదు. ఉంగరములు, గాజులు తీసి, కొంగు నడుమున బిగించి, పిల్లలను దూరముగ నుంచవలెను.

మొదట పాత గుడ్డతో పొడిగా తుడిచి, గట్టిపడిన ముద్దను కఱ్ఱపుల్లతో గీకివేయుడు. పిదప గుడ్డను కిరసనాయిలుతో కొంచెము తడిపి రిమ్మును, చువ్వలను తుడువుడు. మూలలకు పాత పండ్లబ్రష్షు చాలును. కిరసనాయిలు దొరకనిచో గొలుసు శుభ్రపరచుటకై అంగళ్లలో నమ్ము ద్రావకము వాడవచ్చును. తరువాత సబ్బునీటితో కడిగి పొడిగుడ్డతో తుడువవలెను. కిరసనాయిలు రబ్బరును చెఱచును గనుక టైరునకు సబ్బునీరే తగును. టైరు నేలనంటు భాగమునగాని, బ్రేకులోగాని జిడ్డు చేరరాదు. చేరినచో బండి జారును, లేదా ఆగవలసినచోట నాగదు. బ్రేకు పళ్లెముగల బండికి ఆ పళ్లెమును వేరొక శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. బ్రేకునకు నూనె అంటెనని తోచినచో మెకానిక్కునకు చూపించువరకు బండి నడుపరాదు.

పెట్రోలుతో తుడుచుట ప్రమాదకరము. దాని యావిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరముననున్న పొయ్యినుండియు నంటుకొనును. కిరసనాయిలును త్రాగునీటి సీసాలోను, పానీయపు సీసాలోను ఎన్నడును పోయవలదు. బిడ్డ పొరబాటున త్రాగెనేని వాంతి చేయింపకుడు. వాంతి చేయించిన నది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయమగును. ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

శుభ్రమైన గొలుసునకు మరల నూనె వేయునపుడు క్రిందివరుస లోపలివైపున లంకెలకు కొద్దికొద్దిగా వేసి, కొంతసేపు ఊరనిచ్చి, పైనున్న దానిని తుడిచివేయవలెను. లంకెల సందులలోనికి పోయిన నూనెయే పనిచేయును. పైన మిగిలినది చీర పాలగును. ఎన్ని కిలోమీటర్ల కొకసారి వేయవలెనో బండితో నిచ్చిన పుస్తకమున నుండును.

చేతుల జిడ్డునకు ముందు కొబ్బరినూనె రుద్ది, పిదప సెనగపిండితోను, సబ్బుతోను కడుగుకొనవలెను. నూలుచీరపై మరకను వెంటనే నీట తడుపక, ముఖమునకు వ్రాయు పౌడరు చల్లి జిడ్డును పీల్చనిచ్చి దులుపుడు. తరువాత పాత్రలు తోము ద్రవపుసబ్బు రాచి, కొంతసేపుంచి ఉతుకుడు. మరక పోవువరకు ఇస్త్రీ చేయరాదు. వేడికి మరక నిలిచిపోవును. పట్టుచీరను రంగులద్దకము తెలిసిన శుభ్రకారులకే యిచ్చుట మేలు.

కడపటిమాట. వెనుకచక్రము ప్రక్కనుండు కవచము అలంకారముకొరకు పెట్టినది కాదు. వెనుక కూర్చున్నవారి వస్త్రములు చక్రమున చిక్కకుండ, చక్రములో సగమునకు తక్కువగాకుండ కప్పు కవచముండవలెనని 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములలో 123వ నియమము విధించుచున్నది. బండి సొగసునకై దానిని విప్పించు యువకులు కలరు. అట్టి బండిపై చీరకొంగు, చున్నీ ఒక్క క్షణము జారినను చాలును. జిడ్డు తుడుచునాడే ఆ కవచపు మరలు బిగువుగానున్నవో లేవో చేతితో కదల్చి చూడుడు. మరక ఉతికిన పోవచ్చును, పోకపోవచ్చును. కవచము లేని బండి నెక్కుటకు మాత్రమొప్పుకొనవలదు.