మొదటి కెమెరా: సొమ్ము దేనిమీద పెట్టాలి?

నారాయణపట్న నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం యీ నెల నా ముందున్నది. నాలుగు పేజీల ఉత్తరం. సారాంశం యిది. ఆవిడ కొడుకు డిగ్రీ పూర్తిచేసి, రెండేళ్లుగా పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 30 వేల రూపాయలు కూడబెట్టాడు. ఆ డబ్బుతో డి.యస్.ఎల్.ఆర్. కెమెరా కొంటానంటున్నాడు. తండ్రిగారేమో “చేతిలో ఫోను వుండగా అదేం దండగ?” అంటున్నారు. యింట్లో 84 యేళ్ల అత్తగారున్నారు. ఆధార్ కార్డు మీద బొమ్మ తప్ప ఆవిడకు చెప్పుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదు. మొన్న అబ్బాయి స్నేహితుడి కెమెరా తెచ్చి సాయంత్రంపూట సావిట్లో మంచం మీద కూర్చోబెట్టి తీస్తే, ముఖమంతా అలుక్కుపోయినట్లు వచ్చిందట. “కెమెరా మంచిది కాదా? మావాడికి చేతకాలేదా? మీరే చెప్పాలి బాబాయిగారూ” అని ముగించింది.

అమ్మా, రెండూ కాదు. ఆ సావిట్లో వున్న వెలుతురుకు ఆ లెన్సు చాలలేదు. యీ మాట నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. నష్టపోయి తెలుసుకున్నాను.

2011లో నేను నా మొదటి కెమెరా కొన్నాను. దుకాణంలో పెద్ద బాడీ, చిన్న బాడీ రెండూ చూపించారు. పెద్దదానికి మెగాపిక్సెళ్లు యెక్కువ, మీటలు యెక్కువ, చేతిలో బరువు యెక్కువ. వున్న డబ్బంతా దానికే పోసి, దానితో వచ్చిన లెన్సుతో సరిపెట్టుకున్నాను. ఆ చలికాలమే మా నాన్నగారు మంచం పట్టారు. లోపలి గది, ఒక్కటే కిటికీ, ఒక్కటే ట్యూబులైటు. నలభై ఫోటోలు తీశాను. ఆ నలభైలో నాన్నగారి కళ్లు తేటగా వున్నది ఒక్కటీ లేదు. మాఘమాసంలో ఆయన వెళ్లిపోయారు. యీనాడు మా గోడమీద వున్నది పింఛను పుస్తకంలోని తపాలా బిళ్లంత ఫోటోను పెద్దది చేయించినది. అందుచేత మీ అబ్బాయికి చెప్పేదంతా ఒక్క మాటే: బాడీ మీద తగ్గించుకో, లెన్సు మీద పెట్టు, దాన్ని తడి తగలకుండా దాచుకో.

కారణం చెబుతాను. డి.యస్.ఎల్.ఆర్. అంటే లోపల ఒక అద్దం వున్న కెమెరా. లెన్సులోంచి వచ్చిన వెలుతురును ఆ అద్దం పైకి తిప్పి మన కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అద్దం లేస్తుంది, వెనకనున్న రెప్ప తెరుచుకుంటుంది, వెలుతురు సెన్సరు మీద పడుతుంది. లెన్సులో మన కంటిపాపలాంటి రంధ్రం ఒకటి వున్నది. ఎఫ్ అని అంకె వేసి చెప్పేది దాన్నే. యిక్కడొక తిరకాసు: అంకె చిన్నదయితే రంధ్రం పెద్దది. బాడీతోపాటు వచ్చే 18–55 లెన్సును 55 దగ్గర పెడితే దాని రంధ్రం ఎఫ్ 5.6 కంటె పెద్దది కాదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు అని చిన్నది, తేలికైనది వేరే దొరుకుతుంది. అది లోపలికి రానిచ్చే వెలుతురు సుమారు తొమ్మిదిన్నర రెట్లు. అంటే మొదటి లెన్సుతో రెప్పను సెకనులో 10వ వంతు తెరచి వుంచవలసిన చోట రెండోదానితో 90వ వంతు చాలును. పెద్దవాళ్లు సెకనులో 10వ వంతు కదలకుండా వుండలేరు. 90వ వంతు వుండగలరు. మీ అత్తగారి ముఖం అలుక్కుపోవడానికి కారణం యిదే.

“వణుకు ఆపే లెన్సు కదా అది?” అని అబ్బాయి అడగవచ్చు. అది తీసేవాడి చేతి వణుకును ఆపుతుంది గాని, కూర్చున్నవారి తల కదలికను ఆపలేదు. ఐ.యస్.ఓ. అంకెను 1600కో 3200కో పెంచడం రెండో వుపాయం. ఫోటో కొంచెం గరుకుగా వస్తుంది. గరుకు ఫోటో గోడకు పనికివస్తుంది, కదిలిన ఫోటో పనికిరాదు. రెండు వుపాయాలూ కలిపి వాడుకోవాలి.

యిక బాడీ సంగతి. 1991లో కొడాక్ వారు అమ్మకానికి పెట్టిన మొదటి డి.యస్.ఎల్.ఆర్. 1.3 మెగాపిక్సెళ్లది. 2003లో కెనన్ 300డి 6 మెగాపిక్సెళ్లతో 1000 డాలర్ల లోపు ధరకు వచ్చి, మధ్యతరగతివారికి తలుపు తెరిచింది. యిప్పుడు కంపెనీలు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్లిపోయాయి. కెనన్ గాని నికాన్ గాని 2020 తరువాత కొత్త డి.యస్.ఎల్.ఆర్. నమూనా విడుదల చెయ్యలేదు. అయితే యిది మనబోటివాళ్లకు చెడ్డవార్త కాదు. ఉన్నవాళ్లు కొత్తవాటికి మారిపోతూ పాతవి అమ్ముకుంటున్నారు. ఆ పాతవి వచ్చేనెల చెడిపోయేవీ కావు.

వాడిన బాడీల్లో కెనన్ 1300డి (2016), 200డి (2017), 1500డి (2018), నికాన్ డి3400 (2016), డి3500 (2018) యివేవయినా మొదటి కెమెరాకు చాలును. 1300డికి 18 మెగాపిక్సెళ్లే వున్నాయి, మిగతావాటికి 24. తక్కువ అనుకోవద్దు. 18తోనే 17 అంగుళాల వెడల్పు ఫోటో తేటగా అచ్చవుతుంది. మీ గోడమీద అంతకంటె పెద్దది వేస్తారా?

లెన్సు కొనేముందు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది నికాన్ వారి చిక్కు. డి3000, డి5000 వరుసల బాడీల్లో ఫోకస్ తిప్పే మోటారు లేదు. అందుచేత లెన్సు మీద ఏ.ఎఫ్-ఎస్ అనో ఏ.ఎఫ్-పి అనో వుండాలి. వుత్త ఏ.ఎఫ్. గాని ఏ.ఎఫ్-డి గాని చవగ్గా వచ్చిందని కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. ఏ.ఎఫ్-పి రకమైతే డి3200, డి5100 వంటి పాత బాడీల మీద ఫోకసే చెయ్యదు. కెనన్‌లో యీ బాధ తక్కువ. పైన చెప్పిన బాడీలకు ఇ.ఎఫ్., ఇ.ఎఫ్-ఎస్ లెన్సులు రెండూ పడతాయి. ఆర్.ఎఫ్. అని వున్నవి మిర్రర్‌లెస్ వాటివి, పట్టవు.

రెండోది గది కొలత. 50 లెన్సును కెనన్ మీద పెట్టి పదడుగుల దూరంనుంచి చూస్తే నాలుగున్నర అడుగుల వెడల్పు మాత్రమే పడుతుంది. ఒక్క మనిషికి బాగు, యిద్దరికి యిరుకు. నికాన్ కొంటే 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 డి.ఎక్స్. లెన్సు మంచిది. అదే దూరంలో దాదాపు ఆరడుగుల ముప్పావు పడుతుంది. యింటిల్లిపాదినీ తియ్యాలంటే బాడీతో వచ్చిన 18–55 వుండనే వున్నది. దాన్ని 18 దగ్గర పెడితే పన్నెండడుగులు పట్టేస్తుంది. కాబట్టి దాన్ని పారెయ్యవద్దు.

మూడోది ఆయుర్దాయం. బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది. లెన్సు అలాకాదు. కెనన్ ఇ.ఎఫ్. బిగింపు 1987లోనూ, నికాన్ ఎఫ్. బిగింపు 1959లోనూ వచ్చినవి. రేపు మీవాడు మిర్రర్‌లెస్ కొన్నా, మధ్యలో అడాప్టరు బిగించుకుని యీ లెన్సే వాడుకోవచ్చు. అందుకే లెన్సు మీద పెట్టిన రూపాయి నిలుస్తుందన్నాను.

30 వేలను నేనైతే యిలా పంచుతాను. వాడిన బాడీ, దానితో 18–55 లెన్సు కలిపి 17 వేలు. 50 గాని 35 గాని ఎఫ్ 1.8 లెన్సుకు 10 వేలు. కార్డు, రెండో బ్యాటరీ, దాచే డబ్బా వీటికి 3 వేలు. ధరలు వూరికీ వూరికీ, వారానికీ వారానికీ మారతాయి. పంపకం మాత్రం యిదే వుంచండి. దూరంగా వున్నవి తీసే పెద్ద లెన్సు చైత్ర పర్వానికో మజ్జిగౌరి అమ్మవారి జాతరకో కావాలనిపిస్తుంది. వచ్చే యేడాది కొనుక్కోవచ్చు. ముందు తగిలించే చవక అద్దాలు, సంచీ నిండా సామాను యిస్తామనే బేరాలు అసలు వద్దు.

వాడినది కొనేటప్పుడు అబ్బాయి పార్వతీపురమో విశాఖో స్వయంగా వెళ్లి చూడాలి. వెళ్లేటప్పుడు చిన్న టార్చిలైటు, ఖాళీ కార్డు పట్టుకెళ్లమనండి. లెన్సులోకి వెనకవైపునుంచి టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడు దారాల్లాంటివి కనపడవచ్చు. అది బూజు. యెంత చవకైనా ఆ లెన్సు ముట్టుకోవద్దు. రంధ్రాన్ని ఎఫ్ 16కు కుదించి తెల్లగోడను ఫోటో తీస్తే, సెన్సరు మీద దుమ్మువుంటే నల్లచుక్కలు వస్తాయి. బ్యాటరీ వుబ్బిందేమో చూడాలి. షట్టరు యెన్నిసార్లు కొట్టిందో అడగాలి. నికాన్ అయితే ఆ లెక్క తీసిన ఫోటో ఫైలులోనే వుంటుంది, కంప్యూటరులో చూసుకోవచ్చు. యీ తరగతి నికాన్ బాడీలను లక్ష సార్లకు పరీక్షిస్తారు. ముప్పై వేలు లోపు కొట్టినదైతే బెంగలేదు. అసలు బిల్లు, దానిమీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా అన్నది సరిచూడాలి. యివేవీ చూడనివ్వనివాడి దగ్గర కొనవద్దు.

కొన్న తరువాత అసలు శత్రువు మీ వూళ్లోనే వున్నాడు. అది వాన. జూన్‌లో పట్టిన ముసురు అక్టోబరు దాకా వదలని కొండప్రాంతం మీది. ఝంఝావతి పొంగిన రోజుల్లో పెట్టెలోని పట్టుచీరకే మడతల్లో బూజు పడుతుంది గదా, కెమెరా ఒక లెక్కా? తడీ చీకటీ కలిస్తే గాజు మీద బూజు పుట్టి పైపూతను తినేస్తుంది. తోలుసంచీలోనో బట్టల బీరువాలోనో పెట్టడం బూజుకు యిల్లు కట్టివ్వడమే. చెయ్యవలసింది సులభం. మూతకు రబ్బరు పట్టీ వుండి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అడుగున సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో కెమెరా పెట్టాలి. గింజల రంగు మారగానే తడి పీల్చేశాయని గుర్తు. వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగ మీద ఆరబెడితే మళ్లీ పనిచేస్తాయి. పిల్లలకు అందనివ్వకండి, నీలం గింజల్లో విషపదార్థం వుంటుంది. వానలో తడిసి వచ్చిన కెమెరాను తుడిచి, ఆరనిచ్చి, అప్పుడే డబ్బాలో పెట్టాలి. వారానికొకసారి తీసి నాలుగు ఫోటోలు కొట్టాలి. వాడే లెన్సుకు బూజు తక్కువ.

యిక తండ్రిగారి ప్రశ్న. “ఫోను వుండగా యెందుకు?” అన్నది న్యాయమైన ప్రశ్నే. పట్టపగలు వీధిలో పిల్లలను తియ్యడానికి ఫోనే చాలును, అక్కడ తేడా కొంచెమే. తేడా వచ్చేది మసక వెలుతురులోనూ, పెద్దగా అచ్చువేయించేటప్పుడూను. యీ కెమెరా సెన్సరు ఫోనుదానికంటె చాలా పెద్దది. పెళ్లిళ్లకు తీసి సంపాదిస్తానని మాత్రం అబ్బాయి అప్పుడే మాట యివ్వకూడదు. తాళికట్టే ఘడియ రెండోసారి రాదు. రెండు బాడీలు, ఫ్లాషు, చేయి తిరిగినవాడి పక్కన ఒక యేడాది పని, యివన్నీ అయ్యాకనే ఆ మాట.

నా మటుకు నేను అసలు ప్రయోజనం వేరే చోట చూస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం యేర్పడేదాకా మీ కొండలు మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాలోవి. సరిహద్దు గీత మన యిళ్ల మీదుగా అటూ యిటూ వెళ్లింది, మనం వున్నచోటే వున్నాం. యెన్ని తరాలుగా వున్నామో చెప్పడానికి కాగితాలు కొద్ది, ఫోటోలు మరీ కొద్ది. వున్నవాటిని తడి తినేసింది. మీ అత్తగారి ముఖంలో వున్న సంగతి మరెవరి దగ్గరా లేదు.

అందుచేత తల్లీ, కెమెరా వచ్చిన మొదటి ఉదయం పరీక్షలూ ప్రయోగాలూ పెట్టుకోనివ్వవద్దు. అత్తగారిని వీధి అరుగు మీద, గుమ్మానికి పక్కగా, యెండ నేరుగా పడని చోట కూర్చోబెట్టండి. రంధ్రం ఎఫ్ 2.8 దగ్గర పెట్టి, ఫోకస్ దగ్గరి కన్ను మీద వుంచి, మాట్లాడుతూ మాట్లాడుతూ తియ్యమనండి. ఆవిడను నవ్వమనకండి, పాత సంగతేదైనా అడగండి, చెప్పేటప్పుడు ముఖం దానంతటదే వస్తుంది. మంచిది ఒకటి యేరి వెంటనే కాగితం మీద అచ్చు వేయించండి. అసలు ఫైలును రెండు వేరువేరు చోట్ల దాచండి.

తండ్రిగారికి ఆ ఫోటో చూపించాక, దండగ అన్న మాట మళ్లీ అన్నారో లేదో నాకు తప్పక వ్రాయి.