సముద్రము దాటిన శాస్త్రము

మా బంగారుపాళ్యమున ఒక ధనికుల యింటి వివాహము ఫుకెట్ సముద్రతీరమున జరుగనున్నదని శుభలేఖ వచ్చినది. దానిని తెచ్చి యిచ్చిన పెద్దమనిషి, సముద్రుడు లక్ష్మీదేవికి జనకుడు గావున ఆ తీరమున చేసిన కన్యాదానమునకు కోటిరెట్లు ఫలమని పురోహితులు సెలవిచ్చిరనియు, అందుచేతనే అంతదూరము పోవుచున్నామనియు చెప్పెను. వధూవరులు ముచ్చటపడి ఎచ్చట పెండ్లి చేసికొన్నను నాకు ఆక్షేపణ లేదు. 2023 నవంబరు 1వ తేదీన వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి ఇటలీలోని టస్కనీలో వివాహమాడిరి. అది వారి యిష్టము. ఇష్టమునకు పుణ్యమను ముసుగు వేయుటను మాత్రము నేను సహింపజాలను.

బౌధాయన ధర్మసూత్రము పతనహేతువులను లెక్కించుచు సముద్రయానమునే మొదట పేర్కొన్నది. కలియుగమున విడువవలసిన కలివర్జ్యములను కూర్చినవారు, ఓడనెక్కి కడలి దాటిన ద్విజుడు ప్రాయశ్చిత్తము చేసికొన్నను సంగ్రాహ్యుడు కాడనిరి. 1888లో ఇంగ్లండునకు బయలుదేరిన గాంధీని కులపెద్దలు బొంబాయిలో వెలివేసిరి. అట్టి నిషేధము నేడేమైనదని యడిగితిని. విమానము ఓడ కాదని పురోహితుడు బదులు చెప్పెను. ముహూర్తమందును ఇదే తీరు. ఫుకెట్‌లో సూర్యుడు మనకంటె సుమారు గంటంబావు ముందుగా ఉదయించును గావున లగ్నమును అచ్చటికి సరిపడ గణించుట వారి శాస్త్రమునకు సమ్మతమే. కాని హోటలులో గదులు దొరికిన తేదీని ముందు నిశ్చయించి, పిదప దానికి లగ్నము వెదకించితిమని ఆ యింటివారే నాతో చెప్పిరి.

ధనికునికొరకు ఇంత మెత్తబడిన శాస్త్రము పేదయింటి గడప తొక్కగానే రాయి యగుచున్నది. మా వీధిలో తోతాపురి తోట కౌలుకు చేసికొని బ్రదుకు ఒక యిల్లాలు కలదు. భర్త పోయిన పిదప, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టరుతో రాత్రులు పడిగాపులు కాచి, 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు ఇచ్చునని ప్రకటించిన ధరకై ఎదురుచూచి, కూతురి పెండ్లికి రూక రూక కూడబెట్టినది. పెండ్లినాడు తెల్లవారకమునుపే లేచి తలంబ్రాల బియ్యము చెరిగి యిచ్చినది. వానికి పసుపు కలుపుటకు మాత్రము ఆమె చేయి పనికిరాలేదు. కన్యాదాన సమయమున, "ఎదురు రావద్దు వదినా, అట్ల పక్కకు పో" అని ఆడపడుచు మెల్లగా అన్నది. మరిది దంపతులు పీటలపై కూర్చుండి వరుని కాళ్లు కడిగిరి. కన్నతల్లి వంటయింటి వాకిట, ఖాళీ మామిడి క్రేట్ల ప్రక్కన నిలువబడి, బిడ్డ మెడలో తాళి కట్టుటను ఆడువారి భుజములమీదుగా చూచినది.

ఆమెను దూరముగా నిలువుమన్న వచనమేదో చూపుమని అదే పురోహితుని అడిగితిని. "అది ఆచారము నాయనా, మార్చరాదు" అనెను. గ్రంథములందు స్పష్టముగా నున్న సముద్రనిషేధమును మార్చగలిగినవాడు, తాను ఏ గ్రంథమందును చూపలేని నిషేధమును మార్చజాలడట! వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు తెలుగున వివాహవిధిని రచించి, దానితోనే పెండ్లిండ్లు చేయించిరి. ఇంతకాలము గడచినను, భర్తను పోగొట్టుకొన్నదన్న ఒక్క కారణముచేత తల్లిని తన బిడ్డ పెండ్లిలో అమంగళముగా చూచు క్రౌర్యము మన పందిళ్లనుండి తొలగలేదు.

వచ్చు వైశాఖమున మా వీధిలో మరియొక పెండ్లి నిశ్చయమైనది. ఆ పిల్లకును తండ్రి లేడు. అమ్మయే పీటలపై కూర్చుండవలెనని ఆమె పట్టుపట్టినది. పురోహితుడు రానన్నచో త్రిపురనేనివారి విధానమున మేమే పెండ్లి జరిపింతుమని ఆమెకు మాట యిచ్చితిమి.