టికెట్టుపై ఎవరి ఫోను నంబరు?

పాతబస్తీ గల్లీల్లో గల్ఫ్‌తో సంబంధం లేని ఇల్లు అరుదు. సెలవు ముగించుకుని జిద్దాకో, దుబాయికో తిరిగి వెళ్లే కుమారుడికి విమానం తప్పితే చెడేది నిద్ర ఒక్కటే కాదు. వీసా గడువు దగ్గరపడి ఉంటే నౌకరీకే ముప్పు.

మనం టికెట్టు తెలిసిన ఏజెంటు వద్ద కొంటాం. చాలాసార్లు అతడు తన నంబరే రాసేస్తాడు. విమానం రద్దయిన కబురు అతడికి చేరుతుంది. మనం శంషాబాద్‌లో సామాన్లతో నిలబడతాం. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం సరైన ఫోను వివరాలు ఇవ్వని ప్రయాణికుడికి రద్దు పరిహారం దక్కదు.

హక్కులూ తెలుసుకోవాలి. వేళకు చెకిన్ అయ్యాక, ప్రయాణ కాలాన్ని బట్టి 2 నుంచి 4 గంటలకు మించి ఆలస్యమైతే మన దేశ విమాన సంస్థ ఉచితంగా భోజనం పెట్టాలి. 24 గంటలు దాటితే బస చూపాలి. తుఫాను వంటి చేతిలో లేని కారణాలకు మాత్రం పరిహారం ఉండదు.

ముంబయి వరకు ఒక టికెట్టు, అక్కడినుంచి మరొకటి విడిగా కొంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని నష్టం సాధారణంగా మనదే. చవక అని మోసపోరాదు.

అన్యాయం జరిగితే, 2019 చట్టం కింద మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అందుకు టికెట్టు, రసీదు భద్రపరచాలి. ఏజెంటుపై నమ్మకం ఉండనీయండి, నంబరు మాత్రం మనదే రాయిద్దాం.