షుగరు ఎక్కడ తగ్గింది?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఊళ్లో ఉదయం ఏడింటికి పరగడుపున రక్తం తీసి, బస్సులో నల్లగొండ పంపితే షుగరు 108 అని వచ్చింది. నాలుగు రోజుల తర్వాత నల్లగొండలోనే పరగడుపున తీయిస్తే 146! మొదటిదే నిజమంటూ ఆయన మాత్రలు మానేశారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు మాత్రలు మొదలుపెట్టించండి. 108 నిజమే అనుకున్నా, అది మాత్రల చలవే కాని జబ్బు పోయినట్టు కాదు.

సిరలోంచి బయటికి వచ్చినంత మాత్రాన రక్తకణాలు చచ్చిపోవు. గొట్టంలో కూడా చక్కెర తింటూనే వుంటాయి. మామూలు గొట్టంలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. మన ఎండల్లో ఇంకా త్వరగా. మధ్యాహ్నం దాకా బస్సులో వుంటే 146 కాస్తా 110 దగ్గరికి దిగడంలో వింతేమీ లేదు. ఇలాంటి 'మంచి' రిపోర్టులు చూసి మొదట్లో నేనూ మోసపోయాను.

అందుకే షుగరుకు బూడిదరంగు మూత గొట్టం వాడతారు. అందులో వుండేది సోడియం ఫ్లోరైడ్. అవును, మర్రిగూడ, మునుగోడు వైపు బావినీళ్లలో చేరి ఎముకలు వంచిన ఫ్లోరైడే! ఇక్కడ మాత్రం కణాలు చక్కెర వాడుకోకుండా అడ్డుపడుతుంది. అదైనా పూర్తిగా పనిచేయడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి మంచులో పెట్టి పంపడం మేలు. రక్తం తీయగానే గొట్టాన్ని ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గిలక్కొట్టకూడదు.

నాన్నగారిని పరగడుపున ల్యాబుకే తీసుకువెళ్లి మరోసారి తీయించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి కూడా చేయించండి. ఊదారంగు మూత గొట్టంలో తీసే ఆ రక్తం కొన్ని గంటల ప్రయాణానికి చెడదు. ఆయనకు రక్తహీనత వుంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి.