ఫారం మీది పేర్లు

మన లైను ఇండ్లల్లో కడుపుతో ఉండే ఆడబిడ్డలందరికీ ముత్తులక్ష్మి రెడ్డి పేరు తెలుసు. ప్రసూతి సాయం 18 వేల రూపాయల పథకం పేరు అది. నర్సమ్మ దగ్గర ఫారం రాయించేటప్పుడు ఆ పేరు చెప్తాము. ఆమె ఎవరంటే మాత్రం, "ఎవరో పెద్దామె" అని ఊరుకుంటాము.

ఆమె 1886లో పుదుక్కోటలో పుట్టిన డాక్టరమ్మ. తల్లి దేవదాసీల ఇంటి బిడ్డ. మద్రాసు శాసనమండలిలో సభ్యురాలై, పసిబిడ్డల్ని గుడికి వదిలే ఆచారం ఆపండని 1927లోనే అడిగింది. "ఇది మన సంప్రదాయం" అని చదువుకున్న పెద్దోళ్ళే అడ్డం నిలబడినారు. పూర్తి చట్టం వచ్చింది 1947లో. ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది 1956లో.

మూవలూరు రామామృతం అమ్మయార్ కూడా ఆ ఇండ్లల్లో నుంచి వచ్చి, ఆ ఆచారం మీదనే పోరాడింది. 1962లో కన్నుమూసింది. 1989లో పేదింటి పెళ్ళి సాయానికి ఆమె పేరు పెట్టినారు. 2022లో ఆ పెళ్ళి సాయమే చదువు సాయంగా మారింది. సర్కారు బడిలో చదివి కాలేజీకి పోయే మన పిల్లలకు నెలకు వచ్చే 1,000 రూపాయలు అదే.

వేరే దేశాల్లోనూ ఇదే కథ. కొన్నిచోట్ల ఆడపిల్లల మర్మాంగాన్ని కోసే ఆచారం ఉండాది. సోమాలియాలో పుట్టిన వారిస్ డీరీ తనకు జరిగిన ఆ కోత గురించి 1997లో పత్రికకు చెప్పింది. ఆ ఏడే ఐక్యరాజ్యసమితి ఆమెను రాయబారిగా పెట్టుకునింది. మన దేశంలో బోహ్రా ఆడోళ్ళు కొందరు నోరు విప్పినారు. 2018లో సుప్రీంకోర్టు ఆ కేసును పెద్ద బెంచికి పంపింది. అక్కడా వినిపించిన మాట "మా ఆచారం" అనే.

బిరుదులు, పథకాలు మంచివే అక్కలారా. పేపర్లో ఫోటో పడితే పదిమందికి ధైర్యం వస్తుంది. కానీ అవి వచ్చేది అంతా అయిపోయినాక. తిట్లు మాత్రం ఆ పొద్దే వస్తాయి.

మన అంచెట్టి, డెంకణికోట పక్క ఇంకా 18 నిండకముందే మెడలో తాళి పడే పిల్లలు ఉండారు. అట్లాంటి పెళ్ళి ఆపమని 1098కి ఫోన్ చేసినామెకు ఏ బిరుదూ రాదు. "ఇంటి పరువు తీసింది" అనే పేరు వస్తుంది. కొళాయి కాడ ఆమెతో మాటలు ఆగిపోతాయి.

ఆ పొద్దు ఆమె బిందె పక్కన మన బిందె పెట్టి నాలుగు మాటలు మాట్లాడదాం. "ఎవరు చెప్పింది?" అని ఆరా తీయడం మానేద్దాం. సర్కారు ఇచ్చే గౌరవం ఇరవై ఏండ్లకు వస్తుందేమో. మనం ఇచ్చేది ఆ పొద్దే ఇయ్యచ్చు.