కలలో తేలడం కన్నా పగలు మేలుకోవడం

కొలంబియాలో పుట్టి మెక్సికోలో ఆధునిక గ్నోస్టిక్ (ఆత్మజ్ఞానమే విముక్తి అనే) ఉద్యమాన్ని నడిపిన సమాయెల్ ఆన్ వేయోర్ (1917–1977) శిష్యులకు ఒక చిన్న సాధన చెప్పాడు. పగలు పదేపదే ఆగి నేనెవరిని, ఈ వస్తువేమిటి, ఇది ఏ చోటు అని ప్రశ్నించుకోవాలి; తేలాలనే సంకల్పంతో ఒక్క గెంతు గెంతాలి. కాళ్లు నేలకు తగిలితే మెలకువ, గాలిలో తేలితే కల. పగటి అలవాటు కలలోకీ వచ్చి అక్కడ ఎరుక కలిగిస్తుందని ఆయన నమ్మకం. కలలో ఎరుక కలగడం వరకూ అందులో నిజముంది. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ పరిశీలించిన వ్యక్తి, ముందే అనుకున్న ప్రకారం కలలోంచే కళ్లు అటూ ఇటూ తిప్పి సైగ చేశాడు. ఆ సైగతో తేలింది కలలో ఎరుక సాధ్యమని మాత్రమే; ఆయన బోధించినట్టు ఆత్మ ఒళ్లు విడిచి వేరే లోకాలు తిరిగిందనడానికి అది రుజువు కాదు. ఆత్మానుభవాన్ని యంత్రాలు కొలవలేవని సాధకులు అంటారు. ఒప్పుకుందాం. మరి కొలవలేని దాన్ని పరలోక యాత్ర అని మాత్రం ఎలా తీర్మానిస్తాం? 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర దొరికిన ప్రాచీన గ్నోస్టిక్ ప్రతుల్లో ‘సత్య సువార్త’ ఉంది. అది అజ్ఞానాన్ని పీడకలతో పోలుస్తుంది: ఎవరో తరుముతుంటారు, ఎత్తు నుంచి పడిపోతుంటాం, మేలుకుంటే అవేవీ ఉండవు. దాన్ని రాసిన ప్రాచీనుడు కోరింది కలలో విహారం కాదు, కల నుంచి విముక్తి. కాబట్టి ఈ సాధన చేసేవాళ్లు తమ ప్రగతిని రాత్రి తేలిన దూరంతో లెక్కించవద్దు. పగలు కోపం, భయం తమను లాక్కుపోతున్నప్పుడు ఆ మూడు ప్రశ్నలూ గుర్తొస్తున్నాయో లేదో చూసుకోవాలి. అందుకోసం నిద్ర చెడగొట్టుకోవలసిన పనీ లేదు.