‘వద్దు’కి గుండీ ఏదండీ?

గుండ్రటి మూలలంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోవద్దు. ఈ మాట ముందే చెప్పుకోకపోతే మా అబ్బాయి లాంటివాళ్ళు "అమ్మకి కొత్తదేదీ పడదు" అని తీర్పు చెప్పేసి చక్కా పోతారు. కొత్త బల్ల ఇంటికొచ్చిన రోజునే దాని నాలుగు మూలలకీ పాతగుడ్డలు చుట్టే జాతి మనది. పాకే పిల్లాడి నుదురు మీదే మన దృష్టంతా. వేలు కోయని డబ్బామూత, చీర చెంగు పట్టి లాగని తలుపు గడియ ఎవరు తయారుచేసినా వాళ్ళ చేతికి ఒక దణ్ణం. అంచేత నా పోట్లాట మూలతో కాదు. ఆ నున్నదనం ఎవరికి వడ్డిస్తున్నారు, ఎవరికి ఎగ్గొడుతున్నారు అన్నదాంతోనే.

మీ చేతిలోని ఫోనే తీసి చూడండి. సరుకులదో, సీరియళ్ళదో, సినిమా టిక్కెట్లదో ఏదో ఒక యాప్ తెరవండి. "సరే, కానివ్వండి" అనే మాటకి అరచేతి వెడల్పున ఒక బటన్ ఉంటుంది. రెండు చివరలూ నున్నగా, పచ్చగానో నారింజరంగులోనో నిగనిగలాడుతూ, "అమ్మా, నన్ను నొక్కవూ" అన్నట్టు ఉంటుంది. మరి "ఇప్పుడు వద్దు" అన్న మాటకో? గడీ లేదు, రంగు లేదు. బూడిదరంగు అక్షరాలు నాలుగు, పెళ్ళింట్లో పేదచుట్టంలా ఒక మూల ఒదిగి నిలబడి ఉంటాయి. ఆ నిలబడ్డది అక్షరమో, పడ్డ మరకో కళ్ళజోడు సవరించుకుంటేగాని తెలియదు.

ఈ గుండ్రటి మూలల పుట్టుక తమాషాగా ఉంటుంది. 1981లో ఆపిల్ కంపెనీలో బిల్ ఆట్కిన్సన్ అనే ఆయన కంప్యూటర్ తెర మీద వృత్తాలూ అండాకారాలూ చకచకా గీసే ఉపాయం ఒకటి కనిపెట్టాడు. బేసి సంఖ్యల్ని వరసగా కూడుతూ పోతే 1, 4, 9, 16 ఇలా వర్గాలు వస్తాయి చూడండి, ఆ చిన్నబడి లెక్కే ఆయన ఉపాయం. స్టీవ్ జాబ్స్ చూసి, బాగానే ఉంది గాని మూలలు గుండ్రంగా ఉండే పలకలు గీయగలవా అన్నాట్ట. అవి కష్టం, అసలు అక్కర్లేదు అన్నాట్ట ఈయన. జాబ్స్ ఊరుకునే ఘటమా? గదిలో బల్ల చూపించాడు, గోడ మీది పలక చూపించాడు, అదీ చాలక వీధిలోకి లాక్కుపోయి కనిపించిందల్లా చూపించాడు. చివరికి "ఇక్కడ బండి నిలపరాదు" అన్న బోర్డు దగ్గర ఆట్కిన్సన్ ఓడిపోయాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా గుండ్రటి మూలలు గీసి పట్టుకొచ్చాడు. వాళ్ళతో పనిచేసిన ఆండీ హెర్జ్‌ఫెల్డ్ ఈ ముచ్చటంతా రాసిపెట్టాడు.

చూశారా చోద్యం! గుండ్రటి మూలకి పట్టాభిషేకం చేయించిన బోర్డు ఏ మాట చెప్పే బోర్డు? "వద్దు" అని చెప్పే బోర్డు. అలాంటి "వద్దు"కే ఇవాళ తెర మీద ఒక గడీ కరువైంది.

ఒకప్పుడు వెబ్‌పేజీలో గుండ్రటి మూల కావాలంటే నాలుగు మూలలకీ నాలుగు చిన్న బొమ్మలు కత్తిరించి అతికించేవాళ్ళట. ఇప్పుడా శ్రమ లేదు. ఒక్క అంకె వేస్తే చాలు. బటన్ ఎత్తు 40 అనుకుంటే, మూలకి 4 అని రాస్తే కాస్త అరిగిన సబ్బుబిళ్ళలా వస్తుంది. 20 అని రాస్తే రెండు చివరలూ అర్ధచంద్రాలై అచ్చం జ్వరం మాత్రలా తయారవుతుంది. మా అబ్బాయి చూపిస్తే చూశాను, వంటలో చిటికెడు ఉప్పు వేసినంత సేపు పట్టలేదు. అంటే "వద్దు"కి ఆకారం లేకపోవడానికి ఖర్చు కారణం కాదు, వీలు కాకపోవడం అంతకన్నా కాదు. ఒకదానికి అంకె వేసినవాడు రెండోదానికి కావాలనే వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదో కూడా చెప్తాను. 2006లో మోషే బార్, మైటల్ నేటా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మనుషులకి వస్తువుల బొమ్మలు రెప్పపాటు కాలం చూపించి, నచ్చిందా లేదా అని అడిగారు. పదునైన మూలలున్నవాటికన్నా వంపు తిరిగినవే ఎక్కువమందికి నచ్చాయి. పదునును చూడగానే మనసు ఎక్కడో ఒక మూల ఝడుసుకుంటుందని వాళ్ళ ఊహ. మిఠాయి కొట్టువాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, లడ్డూని ఎదర పెడతాడు. అయితే ఆయన కాజాల పళ్ళాన్ని గోనెసంచి కింద దాచిపెట్టి, "మీరే గదండీ లడ్డూ అడిగారు" అనడు. తేడా అక్కడుంది.

మా తోటికోడలి సంగతి వినండి. ఏదో సీరియళ్ళ యాప్‌లో నెల్లాళ్ళు ఉచితమంటే చేరింది. నెల తిరక్కముందే మానేద్దామని వెళితే, ఒకదాని తర్వాత ఒకటి అయిదు తెరలు వచ్చాయి. ప్రతి తెరలోనూ కొనసాగించమనే మాట నున్నటి మాత్రలో వెలుగుతోంది. మానేస్తానన్న మాట ఒక తెరలో అడుగున, ఇంకో తెరలో పైన, మూడోదాంట్లో వాక్యం మధ్యలో ఇరుక్కుని ఉంది. నాలుగో తెరలో ఆవిడ వేలు అలవాటు కొద్దీ వెలిగేదాని మీద పడింది. నాలుగు నెలలు డబ్బు కోసుకున్నారు. కొడుకు చూసి చెప్పేదాకా తెలియదు.

నాకు ఒళ్ళు మండింది డబ్బుకి కాదు. ఆవిడ అన్న మాటకి. "ఏం చెయ్యను అక్కయ్యా, నాకీ ఫోన్లు చేతకావు" అంది. ఇరవై ఎనిమిదేళ్ళు బాంకులో లెడ్జరు చూసిన మనిషి! పైసా తేడా వస్తే సాయంత్రం ఏడింటిదాకా కూర్చుని తేల్చిన మనిషి! ఆవిడకి చేతకాకపోవడమేమిటి? ఎవడో జీతం తీసుకుని ఆవిడ వేలు ఎటు వాలుతుందో లెక్కగట్టి ఆ వంపు గీశాడు. గీసినవాడు తెలివైనవాడు, నొక్కినావిడ తెలివితక్కువదీనా? ఈ ఒక్క లెక్క మాత్రం నేను ఛస్తే ఒప్పుకోను. మీ ఇంట్లో ఎవరైనా "చూసుకోవద్దూ, నీదే తప్పు" అంటే, ఈ పేజీ చింపి వాళ్ళ కంచం పక్కన పెట్టండి.

ఇందులో ఫాషన్ల పిచ్చి కూడా కొంత ఉంది. 2013లో ఆపిల్‌వాళ్ళు తమ ఫోన్ల తెరల్లో బటన్లకి గీతలూ గడులూ తీసేసి ఉత్త రంగు అక్షరాలు మిగిల్చారు. ఏది నొక్కాలో, ఏది చదివి ఊరుకోవాలో తెలియక జనం గోల పెట్టారు. 2014 మార్చిలో "బటన్లకి ఆకారాలు చూపించు" అనే సదుపాయం సెట్టింగుల అడుగున ఎక్కడో పెట్టారు. అంటే ఇంటి తలుపులు ఊడబెరికి అటకెక్కించి, కావలసినవాళ్ళు నిచ్చెన వేసుకుని దించుకోండి అన్నట్టు. 2021 వచ్చేసరికి గూగుల్‌వాళ్ళు ఆండ్రాయిడ్‌కి మాత్రల ఆకారం పట్టుకొచ్చారు. ఇప్పుడిక అంతటా మాత్రలే. బటనూ మాత్రే, వెతుకులాట గడీ మాత్రే, "20 శాతం తగ్గింపు" అన్న ఉత్త చీటీ కూడా మాత్రే. మా పక్కింటావిడ ఆ తగ్గింపు చీటీని కరెంటు పోయినప్పుడు స్విచ్చి నొక్కినట్టు టకటకా నొక్కుతూ కూర్చుంటుంది. అందరికీ ఒకటే బట్టలు తొడిగితే పెళ్ళికూతురెవరో, బ్యాండుమేళంవాడెవడో ఎలా పోల్చుకోవడం?

ఇక అసలు బాధకి వస్తాను. ఇది మనకి, తెలుగు చదువుకునేవాళ్ళకి, ప్రత్యేకంగా తగిలే దెబ్బ.

మన అక్షరాలకి మూలలే తక్కువ. తాటాకు మీద గంటంతో తిన్నటి గీతలు గీస్తే ఆకు చీలుతుందని ఇలా గుండ్రంగా తిరిగాయని పెద్దలంటారు. గుండ్రదనం మనకి ఒకరు నేర్పాలా? అలాంటి అక్షరాలకి ఈ గుండ్రటి బటన్లో చోటు దొరకడం లేదు. ఇంగ్లీషు అక్షరం ఎత్తు కొలిచి కుట్టిన చొక్కా అది. మనకి నెత్తిన గుడులుంటాయి, కాళ్ళ కింద వత్తులుంటాయి. ఎత్తు చాలకపోతే వత్తు కాస్తా అంచుకింద తెగిపోతుంది. "చెల్లించండి" అన్నది "చెలించండి" అవుతుంది. మనసు చలించాక చెల్లించేస్తామని కాబోలు.

వెడల్పు చాలనప్పుడు ఇంకా ఘోరం. ఎక్కడ చోటయిపోతే అక్కడ తెంపేసి మూడు చుక్కలు పెడతారు. ఇంగ్లీషులో వద్దనే మాట ముందే వస్తుంది. చివర తెగినా వద్దన్న సంగతి మిగులుతుంది. మన భాషలో అవునో కాదో క్రియ తోకలో ఉంటుంది. "పంపించండి", "పంపించవద్దు" అనే రెండు బటన్లు తీసుకోండి. రెండింటినీ ఒకే చోట తెంపితే రెండూ "పంపిం..." అవుతాయి! తోక తెగిన రెండు పిల్లులు, ఏది పాలు తాగిందో చెప్పమంటే ఎలా? అందులోనూ మనం వయసు మీదపడి అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఆ తెంపుడు ఇంకా ముందుకొస్తుంది. కళ్ళు ఎంత మందగిస్తే "వద్దు" అంత దూరం పోతుందన్నమాట.

"అమ్మా, డిజైన్లో ఒకటి ముఖ్యం, ఒకటి అప్రధానం అని ఉంటాయి. రెండూ ఒకేలా ఉంటే మనిషి తికమకపడతాడు" అని మా అబ్బాయి వాదన. ఒరే నాన్నా, నిజమే. రాసిన ఉత్తరం పంపించే చోట పంపడం ముఖ్యమే, దాన్ని వెలిగించు, నాకేం అభ్యంతరం లేదు. నా డబ్బు, నా ఫోన్లోని నంబర్లు, నేనున్న చోటు అడిగే దగ్గర ఏది ముఖ్యమో నిర్ణయించాల్సింది నువ్వా, నేనా? అక్కడ మాత్రం రెండు మాటలకీ ఒకే ఎత్తు, ఒకే వంపు, ఒకే నలుపు ఉండాలి. వేలు ఆనే చోటు సుమారు 9 మిల్లీమీటర్లన్నా ఉండాలని ఆండ్రాయిడ్‌వాళ్ళే తమ సూచనల్లో రాసుకున్నారు. ఆ 9 మిల్లీమీటర్లు "వద్దు"కి కూడా కొలిచి ఇవ్వమంటున్నాను. అడిగింది అరసెంటు పొలమేమీ కాదు గదా!

ఇదంతా నా ఒక్కదాని చాదస్తమని తోసెయ్యడానికి వీల్లేదు. 2023 నవంబరు 30న మన దేశపు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి మాయలు 13 రకాలు పేరుపేరునా రాసి, కూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక మాటని వెలిగించి ఇంకో మాటని మసకలో పెట్టడం వాటిలో ఒకటి. అడక్కుండా బుట్టలో సరుకు దూర్చడం ఒకటి. విమానం టిక్కెట్టుతో బీమా వద్దంటే "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అని మన చేతే అనిపించి సిగ్గుపడేలా చేయడం ఇంకొకటి. 2025 జూన్‌లో, మూడు నెలల్లో ఎవరి యాప్‌లు వాళ్ళే తనిఖీ చేసుకోండని కంపెనీలకు చెప్పింది కూడా. దొంగనే తాళాలు లెక్కపెట్టుకోమన్నట్టుందని మావారు నవ్వారు గాని, ఆ మాత్రం కాగితం చేతిలో ఉండడం మేలే.

అమెరికాలో ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. అమెజాన్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో దావా వేస్తూ, ప్రైమ్ చందా మానుకునే దారికి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు "ఇలియడ్" అని బయటపెట్టింది. పదేళ్ళు సాగిన యుద్ధం గురించిన గ్రీకుల కావ్యం పేరు! మన దగ్గరయితే భారతం అని పెట్టేవారేమో. 2025 సెప్టెంబరులో, తప్పు ఒప్పుకోకుండానే, 250 కోట్ల డాలర్లకి రాజీపడ్డారు. ఆ రాజీలో నాకు నచ్చిన షరతు ఏమిటంటే, ప్రైమ్ వద్దనుకునేవాళ్ళకి స్పష్టంగా కనబడే బటన్ పెట్టి తీరాలి. అంత పెద్ద ప్రభుత్వం, అంత పెద్ద కంపెనీ రెండేళ్ళు తగువులాడితే తేలింది, "వద్దు"కి ఒక బటన్!

మనం రెండేళ్ళు ఆగక్కర్లేదు. ఇలాంటి తెర ఎదురైతే దాని బొమ్మ తీసి దాచుకోండి. 1915 నంబరు వినియోగదారుల సహాయ కేంద్రానిది, అక్కడ చెప్పండి. మా తోటికోడలు ఇప్పుడదే పనిలో ఉంది. తారీఖులవారీగా బొమ్మలు దాస్తోంది, లెడ్జరు చూసిన చెయ్యి గదా.

ఇక ఆ యాప్‌లు తయారుచేసే పిల్లలకి ఒక్క మనవి. మీ పనంతా అయ్యాక, జనం మీదికి వదిలేముందు, మీ ఫోను భాష తెలుగులోకి మార్చండి. అక్షరాలు అన్నిటికన్నా పెద్దవి పెట్టండి. ఫోను మీ అమ్మ చేతికివ్వండి. "వద్దు" ఎక్కడుందో వెతకమనండి, మీరు నోరు మెదపకండి. ఆవిడకి దొరికితే, అప్పుడు దగ్గరికెళ్ళి ద వత్తు మిగిలిందో లేదో చూడండి.